పట్టాకా జీతం, పనికా?

ప్రభుత్వ కొలువులో ఉన్న ఆయుర్వేద, హోమియో, యునాని (ఆయుష్) వైద్యులకు ఎంబీబీఎస్ వైద్యులతో సమానంగా జీతం, సర్వీసు సదుపాయాలు ఇవ్వాలా అన్న తగాదాలో సుప్రీంకోర్టు రెండేళ్లలోపే మూడు తీర్పులు ఇచ్చింది. 2021 ఆగస్టులో ఉత్తర ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో ఆయుష్ వైద్యులు నెగ్గారు. అల్లోపతి వైద్యుల పదవీ విరమణ వయసును 65 ఏళ్లకు పెంచి వీళ్లను మాత్రం ముందే ఇంటికి పంపడం వివక్ష అని కోర్టు తేల్చింది. రోగికి వైద్యం చేసే పనిలో ఇద్దరికీ తేడా చూపడానికి పద్ధతుల భేదం చాలదన్నది అక్కడి తర్కం. 2022 మార్చిలో ఉత్తరాఖండ్ కేసులోనూ గెలుపు వాళ్లదే. జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఆయుర్వేద వైద్యులకు అల్లోపతి, దంత వైద్యులతో సమాన వేతనం దక్కింది. ఏడాది తిరగగానే గాలి మారింది. 2023 ఏప్రిల్ 26న గుజరాత్ కేసులో అదే కోర్టు, ఆయుర్వేద వైద్యులు ఎంబీబీఎస్ వైద్యులతో సమాన వేతనం కోరలేరని చెప్పింది. చివరికి 2025 అక్టోబరులో, రాజస్థాన్ నుంచి వచ్చిన అప్పీళ్లలో, పదవీ విరమణ వయసుతో సహా సర్వీసు నిబంధనల్లో ఈ రెండు వర్గాలనూ ఒకేలా చూడాలా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపింది.

పైపైన చూస్తే న్యాయస్థానం తడబడినట్టే ఉంటుంది. నాకు అలా అనిపించదు. మూడు కేసుల్లో అడిగింది మూడు వేర్వేరు వస్తువులు. ఒకచోట రిటైర్మెంటు వయసు, ఇంకోచోట కాంట్రాక్టు వేతనం, మరోచోట పదోన్నతి స్థానంలో వచ్చే ఉన్నత వేతన శ్రేణి. వీటన్నిటినీ ‘సమాన వేతనం’ అనే ఒక్క మూటలో కట్టేయడం వల్లే ఈ తగాదా తెగడం లేదు. వైద్యుడి జీతంలో నాలుగైదు లెక్కలు కలిసి ఉంటాయి. ఉద్యోగంలో చేరేనాటి మూల వేతనం చదువుకూ అర్హతకూ కట్టే వెల. నాన్ ప్రాక్టీసింగ్ అలవెన్సు సొంత ప్రాక్టీసు మానుకున్నందుకు ఇచ్చే పరిహారం. కాలబద్ధ ఉన్నత శ్రేణులు పదోన్నతి దొరకక ఒకేచోట ఉండిపోయేవారికి ఊరట. రాత్రి డ్యూటీ, అత్యవసర సేవ, పోస్టుమార్టం అనేవి శ్రమకూ బాధ్యతకూ సంబంధించినవి. ఒక్కో పైసా ఎందుకు ఇస్తున్నారో అడిగితే, ఎవరికి చెందుతుందో చాలావరకు అదే తేలుతుంది.

ముందు మూల వేతనం సంగతి. బీఏఎంఎస్ చదువు నాలుగున్నరేళ్లు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. ఎంబీబీఎస్‌కూ అంతే. సీటు రావాలంటే ఇద్దరూ నీట్ రాయాల్సిందే. కేంద్ర ప్రభుత్వం ఈ పోలికను ఎప్పుడో ఒప్పుకుంది. యూపీఎస్సీ ద్వారా నియమించే ఆయుర్వేద, హోమియో, యునాని మెడికల్ ఆఫీసర్ పోస్టులకు ఏడో వేతన సంఘం పట్టికలో పదో లెవెల్, అంటే 56,100 రూపాయల ప్రారంభ మూల వేతనం, దానిపైన నాన్ ప్రాక్టీసింగ్ అలవెన్సు ఇస్తోంది. కేంద్ర సర్వీసులో చేరే అల్లోపతి జనరల్ డ్యూటీ వైద్యుడికీ అదే లెవెల్. కేంద్రంలో ఆకాశం విరిగి పడలేదు కనుక, రాష్ట్రాలు ప్రవేశ వేతనాన్ని సమానం చేస్తే వైద్య వ్యవస్థ తలకిందులవుతుందన్న భయానికి ఆధారం లేదు. అలవెన్సు కూడా అంతే. మూల వేతనంలో 20 శాతంగా కేంద్రం ఇస్తున్న ఆ సొమ్ము చికిత్స గొప్పదనానికి బహుమానం కాదు, సాయంత్రం సొంత క్లినిక్ తెరవనందుకు పరిహారం. ఒక రాష్ట్రం ఆయుర్వేద వైద్యుణ్ణి కూడా ప్రైవేటు ప్రాక్టీసు చేయవద్దని కట్టడి చేస్తే, పరిహారం కూడా ఇవ్వాలి. కట్టడి లేకపోతే ఇద్దరిలో ఎవరికీ అక్కరలేదు.

గుజరాత్ తీర్పు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. 1990లో కేంద్రం ఆర్.కె. టిక్కూ అధ్యక్షతన ఒక ఉన్నతస్థాయి కమిటీని వేసింది. వైద్యులకు పదోన్నతులు దొరక్క ఏళ్ల తరబడి ఒకే మెట్టు మీద ఉండిపోతున్న పరిస్థితికి మందు చెప్పడం దాని పని. ఆ సిఫారసుల ఫలితం తమకూ రావాలని గుజరాత్‌లోని ఆయుర్వేద వైద్యులు హైకోర్టులో గెలిచారు, సుప్రీంకోర్టులో ఓడారు. అత్యవసర సేవలు, ప్రమాద బాధితుల చికిత్స ఆయుర్వేద వైద్యులు చేయలేరనీ, క్లిష్టమైన శస్త్రచికిత్సల్లో సర్జన్లకు సహాయపడలేరనీ, పోస్టుమార్టం చేయరనీ ధర్మాసనం చెప్పింది. నగరాల జనరల్ ఆసుపత్రుల ఓపీలో ఎంబీబీఎస్ వైద్యులు వందలాది రోగులను చూస్తారని, ఆయుర్వేద వైద్యులకు ఆ ఒత్తిడి ఉండదని కూడా అంది. ఒక వైద్య విధానం గొప్పది, ఇంకొకటి తక్కువది అన్న అర్థంలో ఈ మాటలు తీసుకోవద్దని హెచ్చరించింది కూడా. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. అర్ధరాత్రి లారీ ప్రమాదంలో నలిగి వచ్చిన మనిషి ముందు నిలబడే వైద్యుడి భారం, పగటి పూట డిస్పెన్సరీ నడిపే వైద్యుడి భారం ఒకటేనని నిజాయితీగా ఎవరూ అనరు.

కానీ ఆ భారం ఎంబీబీఎస్ పట్టా ఉన్న ప్రతి ఒక్కరి మీదా ఉందా? డైరెక్టరేట్‌లో గణాంకాలు చూసే వైద్యాధికారి దగ్గరకు ఒక్క రోగీ రాడు. వైద్య కళాశాలలో అనాటమీ చెప్పే ప్రొఫెసర్ ఓపీలో కూర్చోడు. వాళ్ల జీతాన్ని ఓపీ చీటీల సంఖ్యతో ఎవరూ కోయలేదు. మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోజుకు ముప్పై మందిని చూసే ఎంబీబీఎస్ వైద్యుడి శ్రేణి, జిల్లా ఆసుపత్రిలో మూడు వందల మందిని చూసేవాడి శ్రేణి ఒకటే. అంటే అల్లోపతి లోపల పట్టాను బట్టి ఇస్తున్నాం, ఆయుర్వేదం దగ్గరకు వచ్చేసరికి పనిని బట్టి ఇస్తామంటున్నాం. తూకం రాళ్లు మనిషిని బట్టి మారకూడదు కదా.

పనినే కొలతగా పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో 1981లోనే సుప్రీంకోర్టు ఆ దారి చూపింది. ఆయుర్వేద వైద్యుల వేతన శ్రేణికి సంబంధించిన ఆ వివాదంలో, వృత్తి సేవల్లో ‘సమాన పనికి సమాన వేతనం’ అన్న సూత్రాన్ని గుడ్డిగా వాడలేమని కోర్టు చెప్పింది. గాయానికి కట్టు డాక్టరూ కడతాడు, కాంపౌండరూ కడతాడు, అంతమాత్రాన ఇద్దరినీ ఒక గాటన కట్టలేం కదా అన్నది అక్కడి ఉదాహరణల్లో ఒకటి. బాగుంది. అయితే ఆ ఉదాహరణ రెండువైపులా తెగుతుంది. చేసే పని పైకి ఒకేలా కనిపించినా బాధ్యత వేరైతే జీతం వేరుగా ఉండవచ్చు. బాధ్యత ఒకటే అయినప్పుడు పేరు వేరన్న సాకుతో జీతం తగ్గించడం మాత్రం కుదరదు.

ఇక్కడే ప్రభుత్వాల రెండు నాల్కల ధోరణి బయటపడుతుంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పటి నుంచి ఆయుష్ వైద్యులను ప్రాథమిక, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో అల్లోపతి వైద్యుల పక్కనే నియమించడం విధానమైంది. పల్లెకు ఎంబీబీఎస్ వైద్యుడు రాని చోట ఆయుష్ వైద్యుడే ఆ కేంద్రానికి దిక్కు. టీకా కార్యక్రమాలకూ, బడి పిల్లల ఆరోగ్య పరీక్షలకూ, కోవిడ్ విధులకూ వీళ్లను పిలిచినప్పుడు ఎవరికీ వైద్య పద్ధతి గుర్తుకు రాలేదు. రాష్ట్రం అనుమతిస్తే కొంతమేరకు ఆధునిక ఔషధాలు వాడవచ్చన్న వెసులుబాటును 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆధారంగా కొన్ని రాష్ట్రాలు ఇచ్చాయి కూడా. ఖాళీ నింపేటప్పుడు ‘మెడికల్ ఆఫీసర్’, జీతాల బిల్లు రాసేటప్పుడు ‘ఆయుర్వేద వైద్యుడు’ అంటే ఎలా? ఉత్తరాఖండ్ వైద్యులు గెలిచింది ఈ ప్రశ్న మీదే అని నా ఉద్దేశం. ఇద్దరూ ఒకే మిషన్ కింద, ఒకే రకం కాంట్రాక్టు మీద ఉన్నప్పుడు సర్కారు దగ్గర చెప్పడానికి బలమైన కారణం మిగల్లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది వైద్య విధానం ఫలితం గురించినది. ఆధునిక పరీక్షలకు నిలవని మందులు రాసేవారికి పన్ను సొమ్ము ఎందుకు అంటారు. న్యాయమైన ప్రశ్నే, కాకపోతే అడిగే చోటు వేరు. ఆయుర్వేద డిస్పెన్సరీ నడపాలా వద్దా అన్నది ఆరోగ్య విధానం తేల్చాలి. వద్దనుకుంటే మూసేయాలి. నడపాలని నిర్ణయించి, హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విజయవాడలోనూ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలు, చార్మినార్ దగ్గర నిజామియా టిబ్బీ కళాశాల, గుడివాడలో హోమియో కళాశాల పెట్టి, ఏటా పట్టాలిచ్చి, పోటీలో ఎంపిక చేసుకుని నియమించాక, ఆ విధానం మీద అనుమానాన్ని ఉద్యోగి జీతంలో కోతగా వసూలు చేయడం సబబు కాదు. నమ్మకం లేని వైద్యాన్ని చవగ్గా దొరుకుతుందని పేదల ఊళ్లకు పంపడం అంతకన్నా దారుణం.

ఇంకో అభ్యంతరం బజారుది. ఎంబీబీఎస్ వైద్యులు కొరతగా ఉన్నారు, ప్రైవేటు ఆసుపత్రులు ఎగరేసుకుపోతాయి, ఎక్కువ ఇవ్వకపోతే నిలవరు. ఇది నిజం. 2025లో సుప్రీంకోర్టు ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపినప్పుడు కూడా, అల్లోపతి వైద్యుల వయసు పెంచడం వెనక కొరత ఉందన్న రాష్ట్రాల వాదనకు విలువ ఇచ్చింది. నేనూ ఇస్తాను. కొరత ఉన్న నిపుణుడికి అదనంగా ఇవ్వడం, మరికొన్నేళ్లు ఉంచుకోవడం అసమంజసం కాదు. అలాంటప్పుడు దాన్ని కొరత భత్యమనో, గ్రామీణ సేవా ప్రోత్సాహకమనో పేరు పెట్టి, కొరత తీరగానే ఆపేసేలా జీవో ఇవ్వాలి. మూల వేతనంలో కలిపేస్తే తాత్కాలిక అవసరం కాస్తా శాశ్వతమైన పెద్దాచిన్నా తేడాగా గట్టిపడుతుంది. పింఛను దాకా వెంటాడుతుంది.

ఆయుష్ వైద్య సంఘాల వాదనలోనూ పగులు ఉంది. అన్నింటా సమానం అన్న నినాదం సభల్లో బాగా పేలుతుంది కానీ కోర్టు బోనులో నిలవదు. గుజరాత్‌లో జరిగింది అదే. ఎవరెవరు ఏ డ్యూటీ చేస్తున్నారో, ఏ రిజిస్టరులో ఏ రాత్రి ఎవరి సంతకం ఉందో చూపించగలిగిన చోట వాళ్ల కేసు బలంగా ఉంటుంది. పట్టాల పోలికతో వెళ్లిన చోట, విద్యార్హతను బట్టి వర్గీకరణ చెల్లుతుందన్న పాత సూత్రం ఎదురవుతుంది. 2020 నవంబరులో, ఆయుర్వేదంలోని శస్త్రచికిత్స విభాగాలైన శల్య, శాలాక్య తంత్రాల పీజీ విద్యార్థులకు 58 రకాల శస్త్రచికిత్సల్లో శిక్షణ ఇవ్వాలని నోటిఫికేషన్ వచ్చినప్పుడు, దానికి నిరసనగా డిసెంబరు 11న భారత వైద్య సంఘం పిలుపుతో అల్లోపతి వైద్యులు విధులు బహిష్కరించారు. ఆ గొడవలో ఆయుర్వేద వర్గాలు తమ శాస్త్రానికి శస్త్రచికిత్స కొత్త కాదన్నాయి. అలాంటప్పుడు ఆ శిక్షణ పొందినవారు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పని చేసే ఏర్పాటు, ఆ పని తాలూకు బాధ్యత, పొరపాటు జరిగితే జవాబుదారీతనం కూడా అడగాలి. హోదా ఒకటి అడిగి, దాని వెంట వచ్చే రాత్రులను వదిలేస్తే వాదన సగమే.

ఎనిమిదో కేంద్ర వేతన సంఘం ఇప్పుడు పనిలో ఉంది. దాని సిఫారసులు చూసి రాష్ట్రాల్లో పీఆర్సీలు కూడా కదులుతాయి. విస్తృత ధర్మాసనం తీర్పు కోసం కాచుకుని కూర్చోకుండా, ప్రతి ఆయుష్ పోస్టుకూ జాబ్‌చార్టు రాయించే అవకాశం ప్రభుత్వాల చేతిలోనే ఉంది. అందులో అత్యవసర విధి ఉందా, రాత్రి డ్యూటీ ఉందా, కేంద్రం బాధ్యత ఎవరిది, ప్రాక్టీసు నిషేధం ఉందా అన్నవి స్పష్టంగా ఉంటే, ఏ భత్యం ఎవరికన్నది గుమాస్తా కూడా చెప్పగలడు. అలా రాస్తే మాత్రం కొందరికి పెరుగుతుంది, కొందరికి పెరగదు. అన్ని రాత్రులూ నిద్రపోగలిగే డిస్పెన్సరీ పోస్టులో ఉన్న వైద్యుడికి, అతని పట్టా ఏదైనా సరే, రాత్రి భత్యం దక్కదు. ఆ చార్టు కింద సంతకం పెట్టడానికి ఎన్ని సంఘాలు ముందుకు వస్తాయో, రెండు వైపులా, ఇంకా ఎవరూ అడిగి చూసినట్టు లేదు.