ఆటస్థలపు ఒజ్జ – రహీంగారు

పరీక్షలలో తోటివారు పొందిన మార్కులను కాలక్రమమున మరచిపోవుదుము. సాయంకాలమున ఆటస్థలమందు సహాధ్యాయి చూపిన నేర్పును మాత్రము ముదిమియందును తలచుకొందుము. అట్లు తలచుకొనదగిన విద్యార్థిక్రీడాకారులలో హైదరాబాదు వాస్తవ్యులు సయ్యద్ అబ్దుల్ రహీంగారు ముఖ్యులు.

వారు 1909లో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఫుట్‌బాల్ ఆడిరి. సిటీ కళాశాల విద్యార్థులును, పూర్వవిద్యార్థులును కలసి ఏర్పరచుకొన్న ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులో వారు నొకరు. పట్టభద్రులైన పిమ్మట బడిపంతులై, కాచిగూడ, చాదర్‌ఘాటు పాఠశాలలలో బోధించిరి. వ్యాయామవిద్యయందు డిప్లొమాను గూడ సంపాదించిరి.

శిక్షకులైనను వారిలోని పంతులు మరుగుపడలేదు. అలవాటులేని కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు నడిపిరి. బంతిని తనయొద్దనే నిలుపుకొనక వెంటనే తోటివానికి అందించుట నేర్పిరి. వారి శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలిచెను.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో వారి శిక్షణనందిన భారతజట్టు స్వర్ణపతకము గైకొనెను. మరుసటి యేట హెల్సింకీలో పలువురు బూట్లు లేకయే ఆడగా, యుగోస్లావియా చేతిలో 10–1 గోల్సతో ఘోరపరాజయము కలిగెను. రహీంగారు క్రుంగలేదు. 1956లో మెల్‌బోర్నున మనవారు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఒలింపిక్సులో నాల్గవస్థానము నందిరి. సికిందరాబాదు యువకుడు తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడే.

1962లో జకార్తాకు వెళ్లునాటికి రహీంగారిని ఊపిరితిత్తుల క్యాన్సరు పీడించుచుండెను. తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగును వారు ముందువరుసలో ఆడించిరి. ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహముతో కేకలువేయుచుండ, తుదిపోటీలో పి.కె. బెనర్జీయు, ఆ జర్నైలును చెరియొక గోలు చేసిరి. దక్షిణ కొరియాపై 2–1తో స్వర్ణము లభించెను. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు నేటివరకు మరల స్వర్ణము లేదు.

1963 జూను 11న రహీంగారు కన్నుమూసిరి. ఆరుదశాబ్దములు గడచి, 2024లో ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చువరకు, వారు నడచిన నగరమందే పలువురు బాలురు వారి పేరెరుగరు. ఆటల పీరియడును లెక్కలపాఠమునకు అప్పగించు పాఠశాలలు ఈ పంతులు జీవితమును ఒకమారు చదువుట మంచిది. మైదానమున నిలిచిన ఆ బడిపంతులు దేశమునకు రెండు స్వర్ణములు తెచ్చిపెట్టిరి.