జ్వరం తగ్గినా రక్తంలో మిగిలే మలేరియా వ్యాప్తి దశ

మలేరియా రోగికి జ్వరం తగ్గినంత మాత్రాన అతని నుండి వ్యాధి వ్యాపించదని భావించరాదు. జ్వరం కలిగించే పరాన్నజీవి దశ వేరు, దోమకు సంక్రమించే దశ వేరు. ఈ రెండవ దశ కణాలను గామిటోసైట్లు అంటారు. ఫాల్సిపారం మలేరియాలో ఇవి ఎక్కువగా ఎముక మజ్జలో సుమారు 10 నుండి 12 రోజులు పెరిగి, నెలవంక ఆకారంలో రక్తంలోకి వస్తాయి. రోగికి ఏ బాధా కలిగించవు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ పరీక్షించిన దోమ పీల్చినది ఈ నెలవంక కణాలున్న రక్తమే.

ఇవి తక్కువ సంఖ్యలో ఉన్నపుడు రక్తపూత పరీక్షలో కనబడవు. పి.ఎఫ్.ఎస్.25 అనే జన్యువు రక్తంలోని పరాన్నజీవి దశలలో ప్రధానంగా పక్వమైన ఆడ గామిటోసైట్లలోనే చురుకుగా ఉంటుంది. దాని ఆర్.ఎన్.ఏ.ను ఆర్.టి.-పి.సి.ఆర్. పద్ధతిలో గుర్తిస్తారు. అయితే ఆ జన్యువు తాలూకు డి.ఎన్.ఏ. పరాన్నజీవి అన్ని దశలలోనూ ఉంటుంది. నమూనా నుండి దానిని తొలగించనిచో ఫలితం తప్పుదోవ పట్టించగలదు. పైగా ఆర్.ఎన్.ఏ. త్వరగా నశిస్తుంది గనుక రక్తాన్ని సేకరించిన వెంటనే సంరక్షక ద్రావణంలో ఉంచవలెను. మారుమూల ఏజెన్సీ గ్రామాలలో అసలు చిక్కు ఇదే.

పరీక్షలో ఈ కణాలు బయటపడినంత మాత్రాన ఆ వ్యక్తి నుండి దోమకు తప్పక సోకుతుందని కాదు. కణాల సంఖ్య ముఖ్యం, మగ గామిటోసైట్లూ ఉండాలి. కావున ఇది సర్వేలకు, పరిశోధనలకు ఉపకరించునదే గాని రోగి చికిత్సను నిర్ణయించునది కాదు. ఫాల్సిపారం రోగులకు ప్రధాన చికిత్సతోపాటు ఒక మోతాదు ప్రైమాక్విన్ ఇచ్చేది ఈ కణాలను నిర్మూలించడానికే. గర్భిణులకు, శిశువులకు మాత్రం ఈ మందు ఇవ్వరాదు.