చుక్క పడిన చోటే లీకు ఉండదు

పొద్దున్నే అంబాసిడర్ వెనక ఇరుసు కింద పరిచిన పేపరు తీసి లెక్కపెడితే 10 చుక్కలు. పాతిక చుక్కలకు 1 మి.లీ. అనుకుంటే రాత్రికి 0.4, ఏడాదికి 146 మి.లీ. ఇరుసులో లీటరుంబావు గేర్ ఆయిల్ ఉందనుకున్నా, ఏడాదంతా కారింది ఎనిమిదో వంతు కూడా కాదు. 'ఈ మాత్రానికి విప్పడమెందుకు, అప్పుడప్పుడు పోసుకుంటే పోలా' అంటారు చాలామంది. బండి నడిచేటప్పుడు దారిలో పోయేది ఈ లెక్కలో లేదు. పైగా అదే నూనె నేల మీద కాకుండా బ్రేక్ లైనర్ మీద పడితే ఒకటి రెండు మి.లీ. చాలు, ఆ చక్రానికి బ్రేక్ పట్టు తప్పుతుంది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన ఈ కారు 2014 దాకా వచ్చింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారు వింటేజ్ కిందికి వస్తుంది. మన ఊళ్లలో పెళ్లికొడుకుల్ని మోసిన తొలితరం అంబాసిడర్లన్నీ ఇప్పుడు ఆ వయసువే. రబ్బరు సీళ్లకూ, కాగితం ప్యాకింగులకూ అంత ఆయుష్షు ఉండదు.

నూనె బయటపడటానికి దారులు కొన్నే: ముందువైపు పినియన్ సీల్, డిఫరెన్షియల్ బిగించిన చోట ప్యాకింగు, నూనె పోసే, తీసే బిరడాలు, రెండు చివర్లా హబ్ సీళ్లు. చిక్కేమిటంటే, ఎక్కడ కారినా నూనె ఇరుసు హౌసింగ్ అడుగుకే జారి, అక్కడున్న డ్రెయిన్ బిరడా నుంచి చుక్కలుగా రాలుతుంది. పాపం, నేరం ఆ బిరడా మీద పడుతుంది. దాన్ని బిగించీ బిగించీ మరలు పాడుచేసుకున్న బళ్లకు లెక్కలేదు.

కాబట్టి ముందు స్పానర్ కాదు, కిరసనాయిలు గుడ్డ పట్టుకోవాలి. హౌసింగ్ మొత్తం కడిగి ఆరనిచ్చి, పొడి ముగ్గుపిండి పల్చగా చల్లండి. ఇరవై కిలోమీటర్లు తిప్పుకొచ్చి టార్చి వేసి చూడండి. తెల్లటి పిండి మీద తడి ఎక్కడ మొదలైందో, అన్నిటికన్నా పైనున్న మరక ఏదో, అదే లీకు. 5.90–15 టైరు కిలోమీటరుకు దాదాపు 480 చుట్లు తిరుగుతుంది. దాని ఒక్క చుట్టుకు పినియన్ నాలుగున్నర చుట్లకు పైనే. అంటే 60 కి.మీ. వేగంలో నిమిషానికి 2,100 పైచిలుకు. ఆ విసురుకు పినియన్ సీల్ దగ్గర కారిన నూనె కిందికి రాలదు. పైకెగిరి బాడీ అడుగున అడ్డంగా నల్లటి చార గీస్తుంది. ఆ చార కనిపిస్తే ఇక వెతకక్కర్లేదు.

సీల్ మార్చే ముందు మరో చోట చూడాలి. హౌసింగ్ పైన లోపలి గాలి బయటికి పోయే చిటికెన వేలంత బ్రీదర్ ఉంటుంది, మట్టి పట్టి పూడిపోయినా ఎవరికీ గుర్తుండదు. లోపలి వేడి 30 డిగ్రీల నుంచి 80కి చేరితే, బందీ అయిన గాలి ఒత్తిడి ఆరో వంతు పెరుగుతుంది. అంటే సుమారు 2.4 పి.ఎస్.ఐ., టైరు గాలిలో పదో వంతు. అదే వేడికి నూనె కూడా దాదాపు 44 మి.లీ. ఉబ్బి గాలిని ఇంకా నొక్కుతుంది. అరిగిన సీల్ పెదవిని దాటి నూనె బయటికి రావడానికి అది చాలు. బ్రీదర్ శుభ్రం చేయడానికి పైసా ఖర్చు లేదు. అది చేయకుండా సీల్ కొంటే కొత్తదీ కారుతుంది. నూనె ఎక్కువ పోసినా ఇదే కథ. బండి సమతలంలో ఉండగా నూనె పోసే బిరడా రంధ్రం కింది అంచు వరకే నూనె ఉండాలి.

ఎడమ హబ్ ఒక్కటే కారుతోందా? ఎక్కడ నిలుపుతున్నారో గుర్తు చేసుకోండి. మన రోడ్ల అంచు ఎడమకు వాలుతుంది. 2 శాతం వాలు ఉన్నా, చక్రాల మధ్య 130 సెం.మీ.కు ఎడమవైపు 2.6 సెం.మీ. పల్లం. రాత్రంతా నూనె అటే జరుగుతుంది. కొత్త సీల్ వేసినా తడి ఆగకపోతే షాఫ్టు మీద గోరు ఆడించండి. గోరు ఆగేంత గాడి పడి ఉంటే ఆ సీల్‌కు పట్టు దొరకదు.

చక్రం లోపలి తడి గేర్ ఆయిలే అని తేల్చుకోవడం మరో పని. అక్కడే బ్రేక్ సిలిండరూ ఉంది. వేలికి అంటించి వాసన చూడండి. గేర్ ఆయిల్‌కు గంధకం కంపు ఉంటుంది. మామూలు బ్రేక్ ఆయిల్‌ను గ్లాసు నీళ్లలో వేస్తే కలిసిపోతుంది, గేర్ ఆయిల్ తెట్టులా తేలుతుంది.

ఏ నూనైనా సరే, తడిసిన లైనర్లను పెట్రోలుతో తుడిచి మళ్లీ వేయించకండి; రెండు చక్రాలకూ కొత్తవే వేయించండి. అంతవరకూ ఆ బండిని మెకానిక్ దగ్గరికి కూడా నడుపుకుంటూ వెళ్లొద్దు, ట్రాలీ ఎక్కించండి.