ఆయిల్ పెయింటింగ్ ఇప్పుడు మొదలుపెడితే లేటా? ఉద్యోగం చేసేవాళ్ల కోసం మొదటి పాఠం

ఈ మధ్య ఎపిసోడ్ల కింద ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "అన్నా, నాకు 26. స్కూల్లో బొమ్మలు బాగా వేసేవాణ్ణి. తర్వాత ఇంటర్, ఎంసెట్, బీటెక్, ఉద్యోగం... వదిలేశా. ఇప్పుడు ఆయిల్ పెయింటింగ్ మొదలుపెడితే లేట్ కాదా? ముందు వాటర్ కలర్స్ నేర్చుకుని రావాలా?" ఈ రోజు దీనికే సమాధానం. వీడియో చూసే టైమ్ లేనివాళ్లు ఇక్కడ చదివేయండి.

ముందే చెప్తున్నా, నేను ఆర్టిస్ట్‌ని కాదు. కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్న మనిషిని. ఏడాదిన్నరగా ఆదివారాలు ఆయిల్స్ వేస్తున్నా. అందుకే ఒక ఇంజనీర్ బుర్రకి ఇది ఎలా అర్థమైందో అలానే చెప్తా.

ఒక్క విషయం పట్టుకుంటే చాలు

వాటర్ కలర్ ఎలా ఆరుతుంది? నీళ్లు ఆవిరైపోతాయి, రంగు మిగులుతుంది. ఆయిల్ పెయింట్ అలా ఆరదు. అందులో ఉండేది రంగు పొడి, నూనె. ఎక్కువగా అవిసె గింజల నూనె. ఈ నూనె ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని, దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పొరగా మారతాయి. పాలు తోడుకుని పెరుగైనట్టు అనుకోండి. తోడుకున్నాక మళ్లీ పాలు కావు కదా, ఇదీ అంతే.

నమ్మకం లేకపోతే వంటింట్లోకి వెళ్లి సన్‌ఫ్లవర్ నూనె డబ్బా అంచు తడిమి చూడండి. పాత నూనె జిగటగా పట్టుకుని ఉంటుంది. అది ఇదే పని, కాస్త నెమ్మదిగా. కొబ్బరి నూనె మాత్రం ఎన్నాళ్లున్నా ఇలా గట్టిపడదు, అందుకే దాంతో పెయింట్ చేయరు.

ఇప్పుడు నేను చెప్పబోయే రూల్స్ అన్నీ ఈ ఒక్క విషయంలోంచే వస్తాయి. బట్టీ పట్టక్కర్లేదు.

ఒకటి: ఆయిల్ కష్టం కాదు, ఓపికున్న మీడియం

వాటర్ కలర్‌లో ఒక గీత తప్పితే కాగితం దాన్ని పీల్చేసుకుంటుంది. యాక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది. ఆయిల్ పలుచగా వేసినా ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది, మందంగా వేస్తే వారాలు. అంటే ఈ రోజు వేసింది నచ్చలేదా? గుడ్డతో తుడిచేయొచ్చు. అంచు మరీ గట్టిగా కనిపిస్తోందా? రేపు సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చాక కూడా బ్రష్‌తో మెత్తబరచొచ్చు. కంట్రోల్ జెడ్‌కి అలవాటుపడిన మనలాంటివాళ్లకి ఇంతకంటే స్నేహంగా ఉండే రంగు నాకు తెలిసి లేదు. కాబట్టి "ముందు వాటర్ కలర్ పాస్ అవ్వాలి" అనే రూల్ ఏమీ లేదు.

రెండు: కింద పలుచన, పైన జిడ్డు

నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా గట్టిపడుతుంది, సాగే గుణం కూడా ఎక్కువ. నూనె తక్కువున్న పొర త్వరగా గట్టిపడుతుంది. కింద జిడ్డు పొర వేసి, పైన పొడి పొర వేస్తే ఏమవుతుంది? పైది బిగుసుకుపోతుంది, కింద ఇంకా కదులుతూ ఉంటుంది. పగుళ్లొస్తాయి. అందుకే మొదటి పొరల్లో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ కాస్త ఎక్కువ. ఒకే సిట్టింగ్‌లో పూర్తిచేసే చిన్న బొమ్మలకి ఈ టెన్షన్ కూడా లేదు. ట్యూబ్‌లోంచి వచ్చిన రంగు వచ్చినట్టే వాడండి.

మూడు: ఉత్త గుడ్డ మీద వేయొద్దు

నూనె నేరుగా బట్టకి తగిలితే కాలక్రమంలో బట్ట పెళుసుబారి పాడైపోతుంది. మధ్యలో జెస్సో అనే తెల్ల పూత ఉండాలి. షాపులో దొరికే కాన్వాస్ బోర్డులు ఎక్కువగా ఈ పూత వేసే వస్తాయి, అయినా అట్ట మీద చదివి కొనండి. 8 బై 10 అంగుళాలది చాలు. పెద్ద కాన్వాస్ కొంటే దాన్ని పాడుచేస్తామనే భయంతో మొదలే పెట్టం.

నాలుగు: దయచేసి ఇది స్కిప్ చేయకండి

నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో పోతుంది. అదే గుడ్డని ఉండచుట్టి డస్ట్‌బిన్‌లో పడేస్తే వేడి లోపలే పేరుకుంటుంది. అగ్గిపుల్ల లేకుండా, స్విచ్ వేయకుండా, దానంతటదే అంటుకోగలదు. ఇది కథ కాదు. 1991 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. మొదలైంది అవిసె నూనెతో తడిసిన గుడ్డల దగ్గర. ముగ్గురు ఫైర్ సిబ్బంది చనిపోయారు.

మనలో చాలామందిమి అద్దె ఫ్లాట్లలో, పీజీ రూముల్లో ఉంటాం. పక్కన ఇంకొకరు నిద్రపోతుంటారు. కాబట్టి రంగు తుడిచిన గుడ్డని బయట విడిగా పరిచి పూర్తిగా ఆరనివ్వండి. లేదా నీళ్లలో ముంచి, మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో పెట్టండి.

ఇక టర్పెంటైన్. మా అమ్మకి ఆస్తమా ఉంది. మాది రెండు గదుల ఇల్లు. అందుకే మొదటి రోజే నేను పెట్టుకున్న కండిషన్: టర్పెంటైన్ సీసా గుమ్మం దాటి లోపలికి రాకూడదు. మరి బ్రష్‌లు ఎలా కడుగుతున్నా? ముందు గుడ్డతో బాగా తుడుస్తా. తర్వాత కొంచెం కుసుమ నూనెలో ఆడించి మళ్లీ తుడుస్తా. చివర్లో సబ్బు, నీళ్లు. అంతే, పనైపోతుంది. ఆ నూనె గుడ్డలకి కూడా పైన చెప్పిన రూలే. "వాసన లేని" సాల్వెంట్ అని అమ్మేవాటికి వాసన తక్కువే కానీ ఆవిర్లు ఉంటాయి, ఏసీ గదిలో తలుపులు మూసుకుని వాడొద్దు. నీళ్లతో కడుక్కోగలిగే ఆయిల్ కలర్స్ కూడా వస్తున్నాయి, ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే అవి చూడండి. రంగు చేత్తో మిర్చిబజ్జీ మాత్రం తినొద్దు. కొన్ని రంగుల్లో సీసం, కాడ్మియం లాంటివి ఉంటాయి.

ఏం కొనాలి?

24 రంగుల సెట్ వద్దు. అయిదు ట్యూబులు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, కాడ్మియం రెడ్ హ్యూ, అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ అంబర్. తెలుపు మాత్రం పెద్దది తీసుకోండి, అదే ముందు అయిపోతుంది. నలుపు అవసరం లేదు, అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ అంబర్ కలిపితే మంచి చీకటి రంగు వస్తుంది. "హ్యూ" అని ఉంటే అసలు పిగ్మెంట్ కాదు, ఆ రంగుకి దగ్గరగా కలిపింది అని అర్థం. నేర్చుకోవడానికి అది చాలు. గట్టి వెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు మూడు, ఒక పాలెట్ నైఫ్. పాలెట్‌కి పాత స్టీలు పళ్లెం సరిపోతుంది, కాకపోతే దాన్ని మళ్లీ అన్నానికి వాడొద్దు.

మొదటి నెల ఏం చేయాలి?

మొదటి ఆదివారం బొమ్మ వేయకండి. తెలుపు, అంబర్ మాత్రమే తీసుకుని, చీకటి నుంచి వెలుగు దాకా ఏడు గళ్లు నింపండి. తేలిగ్గా అనిపిస్తుంది, చేతికొచ్చాక తెలుస్తుంది.

రెండో ఆదివారం ఒక టమాటా, ఒక టేబుల్ లైట్. లైట్ ఒక పక్క నుంచే పడాలి. కళ్లు సగం మూసి చూడండి, చిన్న చిన్న వివరాలు పోయి వెలుగు, నీడ రెండే మిగులుతాయి. ఆ రెండింటినే అంబర్‌తో వేయండి. అయ్యాక ఫోన్‌లో టమాటాని, మీ బొమ్మని పక్కపక్కన పెట్టి ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. ఎక్కడ తేడా ఉందో ఫోనే చెప్పేస్తుంది. మూడో వారం అదే టమాటా రంగుల్లో. నాలుగో వారం మళ్లీ అదే. అవును, బోర్ కొడుతుంది. కానీ నాలుగు బోర్డులూ వరసగా పెట్టి చూసినప్పుడు వచ్చే ధైర్యం ఏ ట్యుటోరియల్ ఇవ్వదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లండి. రవివర్మ నూనె చిత్రాలు, యూరప్ చిత్రాల గ్యాలరీ ఉన్నాయి. ఫోన్ స్క్రీన్ మీద కనిపించని పొరలు అక్కడ కనిపిస్తాయి.

మరి వయసు సంగతి?

రవివర్మ ఆయిల్స్ నేర్చుకోవడానికి ఆర్ట్ స్కూల్‌కి వెళ్లలేదు. 1868లో తిరువనంతపురం ఆస్థానానికి వచ్చిన థియోడర్ జెన్సన్ అనే విదేశీ చిత్రకారుడు వేస్తుంటే చూసి, సొంతంగా ప్రయత్నించి పట్టుకున్నాడు. వాన్ గో ఆర్టిస్ట్ అవ్వాలని నిర్ణయించుకుంది 1880లో, 27 ఏళ్ల వయసులో. వెంటనే ఆయిల్స్ ముట్టుకోలేదు, ముందు డ్రాయింగ్ మీద కూర్చున్నాడు. ఆయిల్స్ మొదలైంది 1881 చివర్లో. "బంగాళదుంపలు తినేవాళ్లు" అనే చిత్రం 1885లో వచ్చింది.

అయితే ఇక్కడ ఒక నిజం కూడా చెప్పుకోవాలి. వాన్ గోకి రోజంతా చేతిలో ఉండేది, తమ్ముడు థియో డబ్బు పంపేవాడు. మనకి ఈఎంఐ ఉంది, సోమవారం స్టాండప్ కాల్ ఉంది. కాబట్టి "27కి మొదలుపెట్టి వాన్ గో అయ్యాడు, మనమూ అవుతాం" అని నేను చెప్పను. ఆయన దగ్గర మనం తీసుకోవాల్సింది వరస: ముందు గీత, తర్వాత వెలుగునీడలు, ఆ తర్వాతే రంగు. ఆ వరసకి వయసుతో పనిలేదు.

ఇంట్లో "దీంతో ఎంతొస్తుంది?" అని అడుగుతారు. మా నాన్నగారు అడిగారు. "ఏమీ రాదు నాన్నా, ఆదివారం రెండు గంటలు ఫోన్ పక్కన పెడుతున్నా" అన్నా. ఆయన ఇంకేం అనలేదు.

సో ఫ్రెండ్స్, ఈ వారం పని: ఏడు గళ్లు. వేసి ఫోటో పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని చూద్దాం. గుడ్డలు మాత్రం ఉండచుట్టి పడేయకండి. ఉంటాను మరి.