ఒక్క క్షణం బ్రతికే కాపలాదారు

మీ ఇల్లు ఉప్పల్‌లోనో నాచారంలోనో ఉంటే, చలికాలంలో ఒకనాడు తెల్లవారకముందే లేచి, మేడ ఎక్కి ఉత్తరంవైపు చూడండి. అదృష్టం బాగుంటే ఒక పెద్ద తెల్లని బుడగ నిదానంగా పైకి పోతూ కనిపించవచ్చు. అక్కడ, ఇ.సి.ఐ.ఎల్. దగ్గర, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. పలుచని పాలిథీన్ పొరతో బెలూన్లను అక్కడే తయారుచేస్తారు. హైడ్రోజన్ వాయువు నింపి, కింద పరికరాల పెట్టె వేలాడదీసి, రాత్రివేళ వదులుతారు. పని ముగిశాక ఆ పెట్టె పారాచూట్ సాయంతో ఏ పల్లె పొలాల్లోనో దిగుతుంది. అటువంటి పెట్టె మీ ఊళ్లో పడితే విప్పకండి. దగ్గరి పోలీసు స్టేషనుకు కబురు చేయండి.

1987 మార్చిలో ఈ కేంద్రంనుంచి ఎగిరిన ఒక బెలూన్ సంగతి చెబుతాను. అహ్మదాబాదులోని ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీ వారూ, జర్మనీ శాస్త్రజ్ఞులూ కలిసి చేసిన ప్రయోగం అది. ఆ పెట్టెలో కొన్ని గొట్టాలు ఉన్నాయి. వాటిని ద్రవ నియాన్‌తో చల్లబరిచారు. ద్రవ నియాన్ అంటే సున్నాకు దిగువన 246 డిగ్రీల చలి! గొట్టం మూత తెరుచుకుని గాలి లోపలికి రాగానే గడ్డకట్టుకు పోతుంది. అందువల్ల చిన్న గొట్టంలోనే బోలెడు గాలి పడుతుంది. ఒక్కొక్క ఎత్తులో ఒక్కొక్క గొట్టం నింపి కిందికి తెచ్చారు. 1990 ఏప్రిల్‌లో మళ్లీ ఇలాగే చేశారు.

ఆ గాలిలో ఏముందనుకున్నారు? మన ఫ్రిజ్‌లలో వాడిన గ్యాసు! దాని పేరు క్లోరోఫ్లోరోకార్బన్. పొట్టిగా సి.ఎఫ్.సి. అంటారు. హైదరాబాదు మీద సుమారు 17 కిలోమీటర్ల ఎత్తువరకూ అది దాదాపు ఒకే పాళ్లలో ఉంది. ఆపైన ఎత్తుకు పోయేకొద్దీ తగ్గుతూ వచ్చింది. తగ్గడానికి కారణం సూర్యుని అతినీలలోహిత కిరణాలు. అవి సి.ఎఫ్.సి. అణువును విరగ్గొడతాయి. అందులోనుంచి బయటపడిన క్లోరిన్ పరమాణువు మనకు గొడుగులా ఉన్న ఓజోన్‌ను తినేస్తుంది. ఈ ప్రమాదాన్ని 1974లోనే మొలీనా, రోలాండ్ అనే రసాయన శాస్త్రజ్ఞులు చెప్పారు. వారికి క్రుట్జెన్‌తో కలిపి 1995లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఇక్కడ ఒక సందేహం రావాలి. వంటింటి పొగ, పూల వాసన ఇవేవీ అంత ఎత్తుకు అంత నిండుగా చేరవు. మరి ఫ్రిజ్ గ్యాసు మాత్రం 17 కిలోమీటర్లు చెక్కుచెదరకుండా ఎలా వెళ్లింది? దారిలో దాన్ని ఎవరూ ఆపలేదా?

ఆపే కాపలాదారు ఒకడు ఉన్నాడు. వాడి పేరు హైడ్రాక్సిల్. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయని మీకు తెలుసు. అందులోనుంచి ఒక హైడ్రోజన్‌ను పీకేస్తే మిగిలేదే హైడ్రాక్సిల్. గాలిలో ఉన్న కొద్దిపాటి ఓజోన్‌ను ఎండ విరగ్గొడుతుంది. అప్పుడు పుట్టిన చురుకైన ఆక్సిజన్ పరమాణువు నీటి ఆవిరిని ఢీకొంటుంది. వెంటనే రెండు హైడ్రాక్సిల్‌లు తయారవుతాయి. ఎండ, తేమ రెండూ ఎక్కువగా ఉన్నచోట ఇవి ఎక్కువ. మనం విసుక్కునే ఎండా ఉక్కపోతా భూగోళపు గాలిని కడగడానికి ఇంత పనిచేస్తున్నాయన్నమాట.

హైడ్రాక్సిల్‌కు తన హైడ్రోజన్ ఎప్పుడు దొరుకుతుందా అన్న ఆత్రం. ఎదురైన అణువులో హైడ్రోజన్ ఉంటే లాక్కుని నీరైపోతుంది. దోపిడీకి గురైన అణువు క్రమంగా విడిపోయి, వానలో కడుక్కుపోయే పదార్థాలుగానో బొగ్గుపులుసు వాయువుగానో మారుతుంది. ఇంత ఆత్రం కనుక హైడ్రాక్సిల్ ఆయుష్షు ఒక సెకను, ఒక్కోసారి అంతకూడా ఉండదు. సంఖ్య కూడా తక్కువే. ఒక ఘన సెంటీమీటరు గాలిలో రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటే, అందులో హైడ్రాక్సిల్‌లు సగటున పది లక్షలు. ఇది ఎంత తక్కువో తెలియాలంటే, పదేసి టన్నుల బియ్యం నింపిన లారీలను యాభై వేలు ఊహించుకోండి. ఆ బియ్యమంతటిలో ఒక్క గింజ!

ఇంత తక్కువగా ఉండి, ఇంత త్వరగా మాయమయ్యే దానిని పట్టి చూసేదెలా? ఈ పనిలోనే జీవితమంతా గడిపిన భౌతిక రసాయన శాస్త్రజ్ఞుడు ఒకాయన మన పొరుగు రాష్ట్రంవాడు. ఆయన ఎ.ఆర్. రవిశంకర. మైసూరు విశ్వవిద్యాలయంలో చదివారు. 1975లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. 1984లో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ పట్టణంలో, నోవా అనే ప్రభుత్వ సంస్థ ప్రయోగశాలలో చేరి మూడు దశాబ్దాలు పనిచేశారు.

ఆయన ఆకాశంవంక చూస్తూ కూర్చోలేదు. ఆకాశాన్ని గాజుపాత్రలోకి దించారు. పాత్రలో హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి పదార్థపు ఆవిరి నింపి, లేసర్ కాంతిని ఒక్కసారి మెరిపిస్తే హైడ్రాక్సిల్‌లు పుడతాయి. ఇంకొక లేసర్ కిరణం తగలగానే అవి మిణుకుమంటాయి. మిణుకు ఎంత ఉంటే హైడ్రాక్సిల్‌లు అన్ని ఉన్నట్లు. పరీక్షించదలచిన వాయువును లోపలికి పంపితే ఆ మిణుకు తగ్గిపోతుంది. త్వరగా తగ్గితే ఆ వాయువును హైడ్రాక్సిల్ త్వరగా తినేస్తున్నదన్నమాట. పై ఆకాశం చలి కనుక పాత్రను చల్లబరిచి కూడా కొలుస్తారు. ఈ వేగం తెలిస్తే ఆ వాయువు గాలిలో ఎన్నేళ్లు ఉంటుందో లెక్క కట్టవచ్చు.

ఆయన పనులలో నాకు చాలా ముచ్చటైనది మీథేన్ కొలత. మీథేన్ వరిమళ్లలో పుడుతుంది, పశువుల కడుపులో పుడుతుంది, మన ఉప్పల్ పక్కన పారే మూసీ మురుగులోనూ పుడుతుంది. హైడ్రాక్సిల్, మీథేన్ అణువులు పదులవేలసార్లు ఢీకొంటే ఒక్కసారి చర్య జరుగుతుంది. ఇంత మందకొడి చర్యను కొలవడం కష్టం. ఎందుకంటే మీథేన్‌లో పిసరంత ప్రొపేన్ కలిసి ఉన్నా, అది నూరు రెట్లకు పైగా వేగంగా చర్య జరిపి లెక్కంతా తారుమారు చేస్తుంది. రవిశంకర, ఆయన సహచరుడు వఘ్జియానీ ఎంతో శుద్ధమైన మీథేన్‌తో ఓపికగా కొలిచి, 1991లో ఫలితం ప్రకటించారు. అంతవరకూ అందరూ వాడుతున్న వేగం ఎక్కువ అని తేలింది. అంటే మీథేన్ అనుకున్నదానికంటే సుమారు నాలుగో వంతు ఎక్కువకాలం గాలిలో ఉంటుంది. ఒక గాజుపాత్రలోని మిణుకు భూమండలపు లెక్క మార్చేసింది, చూశారా?

ఇప్పుడు ఫ్రిజ్ గ్యాసు దగ్గరకు వద్దాం. సి.ఎఫ్.సి.లో కర్బనం, క్లోరిన్, ఫ్లోరిన్ ఉన్నాయి. హైడ్రోజన్ లేదు! లాక్కోవడానికి ఏమీ లేనివాడిని దొంగ ఏం చేస్తాడు? అందుకే అది కాపలా దాటి పైకి పోయింది. 1987 సెప్టెంబరులో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక కొత్త గ్యాసులు కావలసి వచ్చాయి. అణువులో క్లోరిన్ తీసివేసి, హైడ్రోజన్ పెట్టాలన్నది వాటిలో ముఖ్యమైన ఉపాయం. అలా వచ్చినది ఆర్-134ఎ. దాని తయారీకి కావలసిన ఉత్ప్రేరకాల మీద 1990లలో మన తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లో, అంటే పాతకాలపువాళ్లు ఆర్.ఆర్.ఎల్. అనే చోట, పరిశోధనలు జరిగాయి. ఈ కొత్త గ్యాసులో ఉన్న ఫ్లోరిన్ భాగం కూడా ఓజోన్‌ను తింటుందేమోనని కొందరు అనుమానించారు. రవిశంకర బృందం కొలిచి చూసి, 1994లో ఆ భయం అక్కరలేదని తేల్చింది.

మీ ఇంట్లో ఫ్రిజ్ వెనుక ఒక చీటీ అంటించి ఉంటుంది. పెద్దవాళ్లను అడిగి చూడండి. గొట్టాలను మాత్రం ముట్టుకోకండి. పాతకాలపు ఫ్రిజ్ అయితే ఆర్-12 అని ఉంటుంది. అది సి.ఎఫ్.సి.; హైడ్రోజన్ సున్న, ఆయుష్షు సుమారు నూరేళ్లు. ఆర్-134ఎలో హైడ్రోజన్‌లు రెండు, ఆయుష్షు సుమారు 14 ఏళ్లు. ఇప్పటి ఏ.సి.లలో కనిపించే ఆర్-32లోనూ రెండే, కాని సుమారు 5 ఏళ్లే. హైడ్రోజన్‌లను లెక్కపెడితే చాలదు, వేగాన్ని కొలవక తప్పదని దీనివల్ల తెలుస్తున్నది. ఇక ఆర్-600ఎ అంటే ఐసోబ్యూటేన్. హైడ్రోజన్‌లు పది, కొద్దిరోజుల్లో మాయం. అయితే అది మంట అంటుకునే గ్యాసు.

ఆర్-134ఎ ఓజోన్‌ను వదిలిపెట్టింది కాని, వేడిని పట్టి ఉంచడంలో బొగ్గుపులుసు వాయువుకంటే వెయ్యి రెట్లకు పైగా గట్టిది. అందుకని 2016లో కిగాలి నగరంలో మరో ఒడంబడిక జరిగింది. దాని ప్రకారం మన దేశం 2032 నుంచి ఇటువంటి గ్యాసులను తగ్గించాలి.

2009లో రవిశంకర, ఇద్దరు సహచరులు ఇంకొక వాయువు లెక్క తీశారు. అది నైట్రస్ ఆక్సైడ్. పొలంలో చల్లిన యూరియాలో కొంత భాగం మట్టిలోని సూక్ష్మజీవుల చేతిలో ఈ వాయువుగా మారుతుంది. ఇందులో రెండు నత్రజని పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు. హైడ్రోజన్ లేదు. కనుక ఇదికూడా కాపలా దాటి పైకి పోతుంది, నూరేళ్లకు పైగా ఉంటుంది. సి.ఎఫ్.సి.లు ఆగిపోయాక, మనిషి గాలిలోకి వదిలేవాటిలో ఓజోన్‌కు ఎక్కువ చేటు చేసేది ఇదేనని వారి లెక్క. మాంట్రియల్ ఒప్పందపు జాబితాలో దీని పేరు లేదు.