చెరువు చేపకు పురుగు మేత

తెలుగులో ‘పురుగు’ అనే మాటకు గౌరవం తక్కువ. బియ్యంలో కనబడితే ఏరి పారేస్తాం. ఎవరైనా మనల్ని చులకన చేస్తే ‘పురుగును చూసినట్లు చూశారు’ అంటాం. ఆ పురుగే నేడు చెరువుల్లో పెంచే చేపలకు, రొయ్యలకు మేతగా మారుతోంది. అంతేకాదు, వాటి రోగనిరోధక శక్తిని పెంచగలదని పరిశోధనలు చెబుతున్నాయి.

మన భిలాయి సంతలో రోహు, కతలా అని పిలిచే చేపలే ఆంధ్రలో శీలావతి, బొచ్చె. కొల్లేరు చుట్టుపక్కల రైతులు నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి చెరువులో వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మేత తింటాయి. రొయ్యలకు, కొరమీనుకు ఇది చాలదు. వాటికి మాంసకృత్తులు ఎక్కువగా కావాలి. అందుకోసం సముద్రంలోని కవళ్ళు వంటి చిన్న చేపలను ఎండబెట్టి, పొడి చేసి మేతలో కలుపుతారు. చేపను పెంచడానికి చేపనే పట్టాలన్నమాట! బదులుగా సోయా పెట్టవచ్చు. కానీ అది ఎక్కువైతే ట్రౌట్, సాల్మన్ వంటి చేపల పేగులు వాస్తాయి.

ఇక్కడే పురుగు అక్కరకు వస్తుంది. ‘బ్లాక్ సోల్జర్ ఫ్లై’ అనే ఈగ కుట్టదు, ఇంట్లో వంటకాలపై వాలదు. దాని పిల్లపురుగులు కూరగాయల వ్యర్థాలను తిని రెండు మూడు వారాల్లో బలుస్తాయి. ఎండబెడితే వాటి బరువులో సుమారు 40 శాతం మాంసకృత్తులే. ఐరోపా సమాఖ్య 2017లో ఇటువంటి ఏడు రకాల కీటకాలను చేపల మేతలో వాడటానికి అనుమతించింది.

మరి రోగనిరోధక శక్తి సంగతేమిటి? పురుగు పైపెంకులో కైటిన్ అనే పదార్థం ఉంటుంది. బూజు కణాల గోడల్లోనూ, చేపను పీడించే పేను పెంకులోనూ ఉండేది అదే. కైటిన్ పేగులోకి రాగానే చేప రక్షణ కణాలు అప్రమత్తమవుతాయి. ఉక్కు కర్మాగారంలో ప్రమాదం రాకముందే భద్రతా విన్యాసం చేయించినట్లు! కొన్ని ప్రయోగాల్లో పురుగు మేత తిన్న చేపల్లో లైసోజైమ్ పెరిగింది. ఇది బాక్టీరియా గోడను ఛేదించే పదార్థం. చేప ఒంటిమీది జిగురులో కూడా ఉంటుంది. కొబ్బరి నూనెలో దండిగా ఉండే లారిక్ ఆమ్లం ఈ పిల్లపురుగుల కొవ్వులోనూ ఉంది. అదీ సూక్ష్మజీవులను అణచివేస్తుంది.

అయితే అమృతమైనా అతిగా తాగితే విషమే. కైటిన్ ఎక్కువైతే మేత సరిగా అరగదు, చేప ఎదగదు. ఎంత మోతాదు మంచిదనేది చేప జాతినిబట్టి మారుతుంది. పైగా పురుగు తిన్నదే చేపకు చేరుతుంది. కాడ్మియం వంటి లోహాలు పిల్లపురుగు ఒంట్లో పేరుకుపోతాయి. కనుక పరిశ్రమల మురుగు తగిలిన చెత్త మీద వాటిని పెంచకూడదు. మనలాంటి పారిశ్రామిక పట్టణాల వారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, చెరువులో రోగం వస్తే రైతు ఏడాది పెట్టుబడి నీటిపాలవుతుంది. ఆ భయంతో కొందరు యాంటీబయాటిక్స్ వాడతారు. వాటిని ఎడాపెడా వాడితే మందుకు లొంగని సూక్ష్మజీవులు పుడతాయి. రేపు మనకు జబ్బు చేస్తే అదే మందు పనిచేయకపోవచ్చు. 2016లో ఐరోపా సమాఖ్య మన చెరువు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. మందుల అవశేషాల అనుమానమే అందుకు కారణం. పురుగు మేత మందు కాదు, వచ్చిన రోగాన్ని నయం చేయదు. మందు అవసరం తగ్గేలా చేపను ముందే సిద్ధం చేయవచ్చు, అంతే.

ఈ అవకాశం మన ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది. చాంపా, కోర్బా ప్రాంతాల కోసా పట్టు పేరు మీరు వినే ఉంటారు. మద్ది చెట్ల మీద పెరిగిన పట్టుకాయల నుంచి దారం తీశాక లోపలి ప్యూపా మిగులుతుంది. పట్టుపురుగు ప్యూపా ఎండు బరువులో దాదాపు సగం మాంసకృత్తులే. నూనె ఎక్కువ కావడంతో త్వరగా కుళ్ళి కంపు కొడుతుంది. వెంటనే ఎండబెట్టి, నూనె తీస్తే మేతకు పనికొస్తుంది. జపాన్‌లోని సాకు ప్రాంతంలో పూర్వం కార్ప్ చేపలను పట్టుపురుగు ప్యూపాతోనే పెంచేవారు.

పట్టుచీర కట్టుకున్నప్పుడు దారాన్ని మెచ్చుకుంటాం. దారం ఇచ్చిన పురుగుకు ఇంకా పని మిగిలే ఉందని తెలుసుకోవడం కూడా చదువే.