పసివారికి ఈ బొమ్మల చిత్రం తగునా?

బొమ్మలతో తీసిన చలనచిత్రమంటే అది పిల్లల కోసమేనని నిశ్చయించుకోవడం మన ఇళ్లలో పరిపాటి. దానికి తోడు మొదటి భాగం ఇంటిల్లిపాదీ చూసి ఆనందించినదైతే, తరువాతి భాగాన్ని గురించి విచారించే ఓపిక ఎవరికీ ఉండదు. మేమూ ఆ పొరపాటే చేశాము. కనుక ‘టాయ్ స్టోరీ’ మూడవ భాగాన్ని ఆధారంగా తీసుకొని, ఇటువంటి చిత్రం పసివారికి తగునో కాదో నిర్ణయించుకొనే విధానాన్ని ఇక్కడ పరిశీలించదలచాము.

పిక్సార్ సంస్థ వారి ఈ చిత్రాలలో మొదటిది 1995లో, రెండవది 1999లో, మూడవది 2010లో వెలువడ్డాయి. మూడవ దానికి దర్శకుడు లీ అన్‌క్రిచ్. ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ బహుమానం పొందిన ఘనత దానికి ఉన్నది. అయితే మనం గమనించవలసినది బహుమానాన్ని కాదు, నడుమ గడిచిన పదిహేను సంవత్సరాలను. మొదటి భాగాన్ని ఐదేళ్ల ప్రాయంలో చూసిన బాలుడు మూడవ భాగం నాటికి ఇరవై ఏళ్లవాడు. కథలో బొమ్మల యజమాని ఆండీ కూడా పదిహేడేళ్లవాడై కళాశాలకు బయలుదేరుతున్నాడు. కథ ఎదిగిన ప్రేక్షకుని వెంట నడిచింది. నిన్న మొన్న పుట్టిన పసివాడు ఆ విందుకు తోడు వచ్చిన అతిథి మాత్రమే. నిడివి సైతం 81 నిమిషాల నుండి 103 నిమిషాలకు పెరిగింది.

కథాక్రమం ఇది. అటక మీదికి చేరవలసిన బొమ్మలు పొరపాటున చెత్తలోకి పోబోయి, తప్పించుకొని ఒక శిశు సంరక్షణాలయానికి చేరుకుంటాయి. అక్కడ లాట్సో అనే గులాబి రంగు ఎలుగుబంటి పెత్తనం. చూడ ముచ్చటగా ఉండే ఈ బొమ్మ నిజానికి కారాగారాధికారి వంటిది. ఒక కన్ను వాలిపోయిన పెద్ద పాపాయి బొమ్మ దానికి భటుడు. రాత్రివేళ తాళాలు మోగిస్తూ కీచుమనే కోతిబొమ్మ కాపలాదారు. చివరకు బొమ్మలన్నీ చెత్త కుప్పల్లో పడి, కదిలే పట్టా మీద భగభగ మండే కొలిమి వైపు జారిపోతాయి. మీట నొక్కి ఆపగలిగిన లాట్సో ఆపకుండా పారిపోతుంది. ఇక దారి లేదని తెలిసి బొమ్మలు మాట లేకుండా ఒకదాని చేయి మరొకటి పట్టుకొంటాయి. నవ్వించే మాట ఒక్కటీ లేదు. పై నుండి ఇనుప పంజా దిగి వాటిని రక్షించేదాకా ప్రేక్షకునికి ఊపిరాడదు. పెద్దలకు చిత్రంలో ఇంతకు మించిన ఘట్టం లేదని మా అభిప్రాయం.

ఒక వేసవి సెలవుల్లో మా అక్క పిల్లలను కూర్చోబెట్టి మేము ఈ చిత్రం చూపించాము. తొమ్మిదేళ్ల పెద్దపిల్ల కొలిమి ఘట్టంలో వెక్కి వెక్కి ఏడ్చింది. నాలుగేళ్ల చిన్నవాడు మాత్రం ఆ మంటలను కన్నార్పకుండా చూశాడు. వాడు గట్టివాడని మేము సంతోషించాము. ఆ రాత్రి రెండు గంటలకు లేచి, “మామూ, ఆ గుడియా మన ఇంటికి వస్తుందా?” అని అడిగాడు. వాడిని పట్టుకొన్నది కొలిమి కాదు, చీకట్లో ఉయ్యాల మీద కూర్చొని తల వెనుకకు తిప్పి చూసిన పాపాయి బొమ్మ. తరువాత నాలుగు రాత్రులు మా అక్క సరిగా నిద్రపోలేదు. ఆమె మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు గానీ, ఐదవనాడు మేమే సిగ్గుపడి టీవీ దగ్గరికి పోలేదు.

ఈ తేడాకు కారణమున్నది. పిల్లల భయాలను చిరకాలం పరిశోధించిన జోఆన్ కాంటర్ అనే ఆచార్యురాలు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. బడి ఈడు రాని పిల్లలు కంటికి వికృతంగా కనిపించేదాన్ని చూసి భయపడతారనీ, ఈడు పెరిగిన కొద్దీ జరగబోయే ఆపదను ఊహించి భయపడతారనీ ఆమె తేల్చారు. మంచివాడైన కథానాయకుడు పచ్చని రాక్షసాకారం దాల్చే ‘హల్క్’ టెలివిజన్ కథలో, ఆ రూపాంతరమే చిన్నపిల్లలను ఎక్కువగా బెదరగొట్టింది. వారికి “అది నిజం కాదు” అని తర్కం చెప్పి లాభం తక్కువ. ఒడిలోకి తీసుకోవడం, మంచినీళ్లివ్వడం, ఇష్టమైన వస్తువు చేతికివ్వడం మేలు. పెద్దపిల్లలకైతే వివరణ పనిచేస్తుంది. మేము ఆ రాత్రి నాలుగేళ్లవాడికి యానిమేషన్ ఎలా తీస్తారో ఉపన్యసించాము!

అనుమతి పత్రం చూసుకోవచ్చు కదా అంటారేమో. అమెరికాలో ఈ చిత్రానికి అందరూ చూడదగినదనే ‘జి’ తరగతినే ఇచ్చారు. మన దేశంలో 1983 నుండి ఉన్న ‘యు/ఎ’ తరగతిని, 2023లో చట్టాన్ని సవరించి ఏడు, పదమూడు, పదహారు ఏళ్ల మెట్లుగా విడదీశారు. ఇది మెచ్చదగిన మార్పే. కానీ ఏ అక్షరమూ మీ ఇంటి పిల్లవాడు దేనికి ఉలిక్కిపడతాడో చెప్పజాలదు.

అందుచేత పెద్దలెవరైనా ముందుగా ఒంటరిగా చిత్రాన్ని చూడాలి. అంత తీరిక లేకపోతే చివరి అరగంటనైనా చూడాలి. కథకులు భయాన్ని సాధారణంగా అక్కడే కూడబెడతారు, అప్పటికి పసివాడు అలసిపోయి ఉంటాడు. ఒకసారి చప్పుడు ఆపి చూడండి: మాటలూ సంగీతమూ పోతే ముఖాలూ చీకటీ ఏ విధంగా ఉన్నవో, నాలుగేళ్లవాడికి ఏమి కనిపిస్తుందో తెలుస్తుంది. భయపెట్టే ఘట్టం వెంటనే ఊరట ఉన్నదా, ఎంతసేపటికి ఉన్నదన్నది కూడా లెక్కపెట్టుకోవాలి. పగటిపూట చూపించడం మంచిది. మా మట్టుకు ఈ మూడవ భాగాన్ని ఐదేళ్లలోపు వారికి చూపించము. ఐదారేళ్లవారికి ప్రక్కన పెద్దలు కూర్చోవాలి. ఏడు దాటినవారు నిశ్చింతగా చూడవచ్చు. చూడాలి కూడా. తన బొమ్మలను ఒక్కొక్కటిగా పరిచయం చేసి బోనీ అనే పిల్ల చేతిలో పెట్టే ఆండీని చూసి, మా పెద్దపిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

మూడేళ్ల తరువాత చిన్నవాడు తానే ఆ చిత్రం అడిగాడు. పాపాయి బొమ్మ వచ్చే ఘట్టాన్ని మేము దాటించబోతే, “వద్దు మామూ, ఉండనీ” అన్నాడు. బొమ్మ తల తిప్పినప్పుడు మా చేయి గట్టిగా పట్టుకొన్నాడు.